నడిమి కోత

నా దగ్గర ఆరు నెలల శిక్షణకు ఒక జూనియర్ డాక్టరు వచ్చాడు. కల్లూరు వైపు రైతుబిడ్డ. ఎనభైలలో భద్రాచలం అడవి అంచున ఒక సర్కారు దవాఖానాలో నేను సర్జన్‌ని. గడువు ముగిశాక అతనికి సర్జరీ వచ్చిందో లేదో తేల్చాల్సింది నేనే. అందుకొక నోటుబుక్కు, అందులో ‘స్వయంగా చేసినవి’ అని ఒక గడి.

మా దగ్గరి ఆనవాయితీ ప్రకారం మొదటి కోత, చివరి కుట్టు ఎవరివైతే ఆపరేషన్ వాళ్లది. నడుమ చిక్కు వచ్చినచోట “ఇటివ్వు” అని కత్తి నేను తీసుకునేవాడిని. నాకు ఓపిక తక్కువ. పైగా మైళ్ల కొద్దీ మంచం మీద మోయించుకుని వచ్చిన మనిషి మీద ఇంకొకడు నేర్చుకుంటుంటే చూస్తూ ఊరుకోలేను. పని అయ్యాక చేతులు కడుక్కుని సంతకం పెట్టేవాడిని. అతనెన్నడూ ఎదురు చెప్పలేదు. బుద్ధిమంతుడని మురిసిపోయాను.

ఆ వానాకాలం బండి జారి నా కుడి మణికట్టు విరిగింది. వారం తిరక్కముందే అడవి ఊరి నుంచి ఒక కోయ రైతును తెచ్చారు. హెర్నియాలో పేగు ఇరుక్కుని రెండు రోజులైంది, కడుపు ఉబ్బిపోయింది. ఖమ్మం పంపుదామంటే వాగు పొంగి బస్సులు లేవు.

“నువ్వే చెయ్. నేను పక్కనుంటా” అన్నాను జూనియర్‌తో. నోటుబుక్కులో అలాంటివి పదకొండు చేసినట్టు ఉంది మరి.

కోత చక్కగా పెట్టాడు. పొర తర్వాత పొర విప్పుకుంటూ పేగును పట్టేసిన బిగుసుకున్న పట్టీ దగ్గరికి చేరాడు. ఆ పట్టీని కోయాలి, కింది పేగుకు కత్తి తగలకూడదు. అక్కడ ఆగి, తల ఎత్తకుండానే, పిడి నా వైపు తిప్పి కత్తి చాపాడు.

కట్టు కట్టిన నా చేయి కూడా ముందుకు లేచింది.

“ఇది నేనెన్నడూ చెయ్యలే సార్” అన్నాడు మెల్లగా. సిస్టర్ నా మొహం చూసి తల దించుకుంది.

నోటితో చెప్పాను. వేలు అడ్డం పెట్టి, వేలి మీదుగా కోయమన్నాను. ఎంత లోతుకో, ఎంత ఒత్తిడో నా వేలికి తెలుసు గానీ నా నోటికి రాదు. నా మీద నాకే ఒళ్లు మండిపోయింది. పేగు చిరిగింది. కుట్టాడు. కుట్టు నిలవలేదు. మూడో రోజు ఆ మనిషి పోయాడు.

అతని భార్య వచ్చి తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. “పెద్ద డాక్టరే పక్కన నిలబడ్డడు. ఇంకెవరేం చేస్తరు” అని దండం పెట్టి వెళ్లిపోయింది.

గడువు ముగిసిన రోజు జూనియర్ నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టాడు. ఆ గడిలో పాత పదకొండూ తనే కొట్టేశాడు. ఆ కోయ రైతు ఆపరేషన్ ఒక్కటే ఉంచాడు. ఎడమచేత్తో సంతకం పెట్టాను.