దండాలు పెట్టే పాఠకులు

నాకంటూ ఒక వెబ్‌సైట్ పెట్టుకున్నానని చెప్పగానే మా ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఏం అమ్ముతవ్?" అని. ఏమీ అమ్మనన్నాను. చదివినవాటిలో బాగున్నవి ఏరి, ఎందుకు బాగున్నాయో నాలుగు మాటలు రాసి, అవి ఎక్కడ దొరుకుతాయో చూపిస్తానన్నాను. ఆయన, "అంటే వేరేటోళ్ల సామాను ఫుకట్ల పంచుడా?" అన్నాడు. బొగ్గు గనిలో పనిచేసే మనిషి కదా, ఒకరు తవ్వింది ఇంకొకరు ఊరికే పంచిపెట్టడం ఆయనకు ఎంతకీ మింగుడుపడలేదు.

మేం ఉండేది చంద్రపూర్‌ను ఆనుకుని ఉన్న దుర్గాపూర్ కాలనీలో. మా మామయ్య తెలంగాణ నుంచి గని పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, అందరూ మరాఠీయే చదువుతారు. నేను మంచిర్యాల నుంచి కోడలిగా వచ్చినదాన్ని. తెలుగు అక్షరం కనిపిస్తే పొట్లం కట్టిన కాగితాన్నైనా వదలను. అలాంటిదానికి ఈ ఇంట్లో దొరికిన తెలుగు అచ్చు గోడ మీది క్యాలెండరు ఒక్కటే. పెళ్లయిన ఏడాదిలోనే దాన్ని రాహుకాలాలతో సహా చదివేశాను. ఆ తర్వాత ఫోన్‌లో వెతుక్కుని చదవడం, చదివింది ఎవరికైనా చెప్పాలని నాలుక దురదపెట్టడం, చివరికి ఈ సైట్.

రోజుకొకటి పెట్టేదాన్ని. పిచ్చుకలను ఓపిగ్గా గమనించిన ఒక మాస్టారి రాతలు ఒక రోజు, ఎంత లోతుకు పోయినా నీళ్లు పడని బావిని తవ్వే మనిషి కథ ఇంకో రోజు. పొద్దున్నే ఆ లింకును మా వాళ్ల వాట్సాప్ గ్రూపులో వేసేదాన్ని. వేసీ వేయగానే దండం బొమ్మలు వరుస కట్టేవి. మా అత్తమ్మ దండంతో పాటు ఒక గులాబీ కూడా పెట్టేది. ఇంతమంది పాఠకులా అని మొదట్లో ఉబ్బితబ్బిబ్బయ్యాను.

ఉప్పర్వాహిలో ఉండే మా ఆడపడుచు ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు, బావి కథ ఎలా ఉందని అడిగాను.

"మస్తుంది వదినా."

"ఏ ముచ్చట నచ్చింది?"

"అన్నీ నచ్చినయి," అని తను వంటింట్లోకి జారుకుంది.

అప్పుడు నాకు వెలిగింది. మా వాళ్ల లెక్కలో పొద్దున్నే గ్రూపులోకి వచ్చేది ఏదైనా దేవుడి పటమే. పటాన్ని ఎవరూ చదవరు, దండం పెట్టి పనికి పోతారు. సైట్‌ను ఎంతమంది చూశారో చెప్పే లెక్కలో రోజూ ఇద్దరో ముగ్గురో కనిపించేవారు. వాళ్లంతా నేనే అనుకున్నాను. అక్షర దోషాలు చూసుకోవడానికి ఫోన్‌లో ఒకటి రెండుసార్లు, కంప్యూటర్‌లో ఒకసారి తెరిచేదాన్ని మరి.

నాకు ఒళ్లు మండింది. ఈ లింకు తెరిచి చదివినవాళ్లకు మా ఇంట్లో చేపల పులుసుతో భోజనం అని సైట్‌లో రాశాను. గ్రూపులో దండాలే దండాలు. భోజనానికి ఒక్కరూ రాలేదు. పులుసంతా మేమే తిన్నాం. దాంతో నాకు ధైర్యం వచ్చింది. సంగీతం మీద ఒక మంచి వ్యాసాన్ని పరిచయం చేస్తూ, మా ఆయన స్నానం చేస్తూ పాట ఎత్తుకుంటే వీధి కుక్కలు పక్క లైనుకు మారిపోతాయని రాశాను. గని నుంచి మా ఆయనే స్వయంగా దండం పెట్టాడు.

ఆ ఊపులో అత్తమ్మ జోలికి కూడా పోయాను. మితంగా తినడం గురించిన వ్యాసం ఒకటి దొరికింది. దానికి ముందుమాటగా ఇలా రాశాను: 'మా అత్తమ్మ ఏకాదశి ఉపవాసం చాలా కఠినం. పొద్దున సగ్గుబియ్యంతో సాబుదానా ఖిచ్డీ, ఆపైన వేయించిన పల్లీలు, మధ్యాహ్నం ఆలుగడ్డ చిప్స్, సాయంత్రం సాబుదానా వడలు. మర్నాడు మామూలు అన్నం తింటేగానీ ఆమె కడుపుకు విశ్రాంతి దొరకదు.' అత్తమ్మ దండం పెట్టింది. ఆ రోజు గులాబీలు రెండు పెట్టింది. వేలు రెండుసార్లు తగిలిందేమో అనుకున్నాను.

ఎంత నవ్వుకున్నా, లోపల బాధగానే ఉండేది. నాకు మెచ్చుకోళ్లు అక్కర్లేదు. చదివి, ఫలానా మనిషి అట్లెందుకు చేశాడని నాతో వాదులాడే ఒక్కరుంటే చాలు. ఆ ఒక్కరే లేరు. సైట్‌కు ఏడాదికని కట్టిన డబ్బుల గడువు తీరే రోజు దగ్గరపడ్డప్పుడు, నాలో నేను మాట్లాడుకోవడానికి ఇంత హంగామా ఎందుకనిపించింది. 'ఇక మూసేస్తున్నాను. ఇన్నాళ్లూ చదవకుండా ఆదరించిన మీ అందరికీ కృతజ్ఞతలు' అని రాసి లింకు వేశాను. దండాలు వచ్చాయి. మా ఆడపడుచు మరాఠీలో అభినందనలు కూడా చెప్పింది.

ఆ మధ్యాహ్నం అత్తమ్మ పక్కింటి వరండాలోంచి నన్ను కేకేసింది. పోయి చూస్తే, చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్లు నలుగురు చాటల్లో బియ్యం ఏరుతూ కూర్చున్నారు.

"ఏమే, బందు వెడ్తవట?" అంది అత్తమ్మ.

"మీకెట్ల తెల్సు అత్తమ్మా?"

ఆమె ఫోన్ తీసి, నా సైట్ తెరిచి, ఒక మూల వేలితో నొక్కింది. ఫోన్‌లోంచి ఒక ఆడగొంతు నా వీడ్కోలు మాటలను గడగడా చదివేసింది.

"గీడ ఒత్తితే గీ పిల్ల సదువుతది. మొదటి సంది రోజు ఇంటున్నం. గా బాయి తవ్వెటోనికి నీళ్లు వడకపోతే ఇంకో తాన తవ్వొచ్చు గద? ఏం మొండోడే వాడు!"

నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరూ చదవడం లేదని కుమిలిపోయే వేళకే, గోడ అవతల వీళ్లు నా సైట్ పెట్టుకుని వింటున్నారన్నమాట. సంతోషంతో అత్తమ్మ ఫోన్‌లోకి తొంగి చూశాను.

"మరి నాకు చెప్పలేదేంది?"

"చెప్తే నువ్వు పైలంగ చూస్కొని రాస్తవ్. గప్పుడు ఇంకేం మజా?"

నలుగురూ కిసుక్కున నవ్వారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఏకాదశి సంగతి. మొదటి నుంచి అంటే అదీ విన్నట్టే. సంతోషమంతా దిగిపోయింది. మెల్లగా వెనక్కి తిరగబోయాను.

"ఏడికి? కూసో. గా ఏకాదశి ముచ్చట తియ్యి. నువ్వే సదువు. గీ పిల్ల నవ్వేటి కాడ గూడ కరెంటు బిల్లు సదివినట్టు సదువుతది."

తప్పించుకునే దారి లేదు. తల వంచుకుని చదివాను. ఖిచ్డీ దగ్గర ఒకామె నవ్వింది, వడల దగ్గరికి వచ్చేసరికి నలుగురూ చాటలు కింద పెట్టేశారు. అత్తమ్మ మాత్రం నవ్వలేదు. నా నోటి వంకే చూస్తూ కూర్చుంది. చదవడం అయిపోయింది.

"తప్పయింది అత్తమ్మా," అన్నాను.

"తప్పేందే? గింత వయసొచ్చింది. రేషన్ కార్డు మీద తప్ప నా ముచ్చట ఎవ్వలు యాడ రాయలె. మల్ల సదువు. గీసారి జర మెల్లగ."

మళ్లీ మొదటి నుంచి, మెల్లగా చదివాను.