అండాలక్క రాయని పేరు

నిన్న మక్తల్ నుంచి పార్సిల్ వచ్చింది. విప్పగానే మోటారు ఇరుసుకు తొడిగే కొత్త బుష్‌లకు చుట్టే నూనె కాగితం వాసన గుప్పుమంది. లోపల ఎర్ర అట్ట నోటు పుస్తకం, అంచులన్నీ గ్రీజు పట్టి నల్లబడి ఉన్నాయి. దాన్ని చూడగానే నాకు మొదట కలిగింది ఆప్యాయత కాదు, ఈర్ష్య. ఇన్నేళ్లయినా ఆ ఈర్ష్య చెక్కుచెదరలేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నల్లగొండలో బోరు మోటార్ల విడిభాగాల దుకాణంలో పనిచేసేవాణ్ణి. ఫోన్‌లో వీడియోలు చూసి, సగం అర్థమై సగం కాక, కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం రాశాను. మోటారు వివరాలు కొడితే దానికి పట్టే బుష్ ఏ సొరుగులో ఉందో చెబుతుంది. సేటు వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి ఇంజనీరు అనేవాడు. నేను డిగ్రీ తప్పినవాణ్ణి. ఆ మాట వింటే ఛాతీ ఉప్పొంగేది. ఆ ప్రోగ్రాం గురించి ఎక్కడా ఒక్క ముక్క రాసి పెట్టలేదు. రాసి పెడితే ఇక నాతో పనేముంటుంది?

కౌంటర్‌లో అండాలక్క కూర్చునేది. పదో తరగతి చదివింది, నాకంటే పదిహేనేళ్లు పెద్దది, పుట్టింటివాళ్లు గొర్రెలు కాసేవాళ్లు. ఏది నొక్కితే ఏమవుతుందో నన్ను అడిగి ఈ ఎర్ర పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు ఎందుకు అవుతుందో కూడా అడగసాగింది. నేను విసుగ్గా ఒక మాట విసిరితే దాన్నీ రాసుకునేది. ప్రోగ్రాంలో నేను చేసే ప్రతి మార్పుకూ గీతలు కొట్టి మూడు గడులు పెట్టింది. ఏం మారింది, ఎందుకు మారింది, ఎవరు మార్చారు. మూడో గడిలో అన్నిచోట్లా నా పేరే రాసేది. ఇదంతా ఎవరి కోసమని ఒకరోజు ఎగతాళి చేశాను.

"మందను ఒకలకు అప్పజెప్పి పోయేటప్పుడు ఏది కుంటుతదో, ఏది తప్పిపోతదో చెప్పి పోతం గద తమ్మి. గిది గూడ గంతే," అంది.

ఏడాది తిరిగేసరికి ప్రోగ్రాంలో చిన్న చిన్న మరమ్మతులు తానే చేసేంతగా నేర్చుకుంది. సేటు తమ్ముడు మక్తల్‌లో దుకాణం తెరిస్తే, నా ప్రోగ్రాంతో పాటు ఆమె పుస్తకం నకలు కూడా అక్కడికి వెళ్లింది. అక్కడివాళ్లు ఫోన్ చేసినప్పుడు నేను ఎత్తితే, జర అక్కకియ్యి అనేవాళ్లు. రాసింది నేను, పిలుపు ఆమెకు. ఆమె నవ్వుతూ ఫోన్‌లో చెబుతుంటే నేను పనున్నట్టు సొరుగులు ధడధడా లాగేవాణ్ణి.

ఆ ఎండాకాలం నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. ఒక కంపెనీ పాత మోటారు బుష్‌కూ కొత్త మోటారు బుష్‌కూ వెంట్రుకవాసి తేడా, కంటికి ఆనదు. పాత మోటారైతే ఒకటి, కొత్తదైతే రెండు నొక్కాలని ఆమె పుస్తకంలో ఉంది. కొత్తవే ఎక్కువ అడుగుతున్నారన్న సాకుతో నేను ప్రోగ్రాంలో వాటిని తారుమారు చేశాను. ఎవరికీ చెప్పలేదు. పుస్తకం ఒక్కసారి తప్పాలి, అందరూ మళ్లీ నా దగ్గరికే రావాలి. నేను కోరుకున్నది అంతే.

మూడో రోజు ఒక బత్తాయి రైతు వచ్చాడు. అక్క ఇచ్చిన బుష్ వేసి మోటారును బోరులోకి దించితే, పూట తిరగకుండానే అది బిగుసుకుపోయి ఆగిందట. అతను గొంతు పెంచలేదు.

"పైపులు మల్ల గుంజాలంటే రెండు దినాలు. నీళ్లు లేక చెట్లు ఆగుతయా అక్కా?" అన్నాడు.

నేను ఊహించింది అక్క మొహం చిన్నబోవడం వరకే. చెట్ల సంగతి నా తలలోకే రాలేదు. తప్పెవరిదని సేటు అడిగితే అక్క తన పుస్తకానిదే అని చెప్పింది. బుష్‌లు రెండూ కొలిచి సరైనది రైతు చేతిలో పెట్టింది. పైపులు గుంజేవాళ్లకు ఫోన్ చేసి ఆ రోజే వెళ్లేలా బతిమాలింది. తర్వాత ప్రోగ్రాం తెరిచి చదివింది. పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

"మార్చింది నువ్వని ఎరుకే తమ్మి. ఎందుకు మార్చినవో నువ్వే రాయి. ఎనకొచ్చేటోల్లకు తెల్వాలె."

పెన్ను తీసుకున్నాను. కొత్తవి ఎక్కువ అడుగుతున్నారని, అని రాశాను. ఆమె చదివింది. ఎవరు మార్చారన్న మూడో గడిలో నా పేరు రాయకుండానే పుస్తకం మూసింది. ఆ తోటలో కొన్ని చెట్లు ఎండిపోయాయని తర్వాత తెలిసింది.

ఆపై ఆమె మక్తల్ దుకాణానికి వెళ్లిపోయింది. నేను చిన్న దుకాణాలకు ప్రోగ్రాంలు రాసిచ్చే పని సొంతంగా పెట్టుకున్నాను. ప్రతి ప్రోగ్రాంకూ ఒక పుస్తకం రాసిస్తాను, తెలుగులో, మూడు గడులతో. ఇప్పుడు ఆమె పని మానేస్తూ ఎర్ర పుస్తకాన్ని నాకు పంపింది. మొదటి పేజీలో చిన్న చీటీ. 'ప్రోగ్రాం నీది. పుస్తకం గూడ నీదే.'

బుష్‌ల మార్పు రాసిన పేజీ వెతికి తీశాను. మూడో గడి ఇంకా ఖాళీగానే ఉంది. నేను రాసిన అబద్ధం కొట్టేసి, అక్క మీద కుళ్ళుతో, అని రాశాను. పక్కన నా పేరు రాశాను. మనసు తేలికపడుతుందనుకున్నాను, పడలేదు. నా దగ్గర పనిచేసేవాళ్లలో ఎవరైనా పొరపాటు చేస్తే వాళ్ల పేరు రాయడానికి నా చెయ్యి ఈనాటికీ ముందే లేస్తుంది. ఆమె చెయ్యి ఆ రోజు ఎలా ఆగిందో నాకు తెలియదు. ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నాను, పుస్తకం రాయడం నేర్చుకున్నాను, ఒక గడి ఖాళీగా వదలడం మాత్రం నాకు రాలేదు. ఆమెను చూసి ఇంకా అసూయపడేది దానికే.