నాకా రాయి మీద నాలుగో పేరు

మా నాకాలో, అంటే నాలుగు దారుల కూడలిలో, రిక్షా స్టాండు పక్కన మొన్నటి దాకా సేటు విగ్రహం ఉండేది. తెల్ల సిమెంటు మనిషి, కుడిచేతిలో మగ్గం మీద నూలు నడిపే నాడె. బతికున్నప్పుడు ఆయన నాడె పట్టుకోగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. పందొమ్మిదేళ్లు ఆయన మగ్గాల షెడ్డులో హాజరీ రాసినదాన్ని కాబట్టి ఈ మాట రూఢిగా చెప్పగలను.

ఒక సోమవారం పొద్దున మనవరాలు మరాఠీ పేపరు పట్టుకుని వచ్చింది.

"అమ్మమ్మా, నీ సేటు పుతళా తీసేస్తున్నరట! మున్సిపాలిటీ సభల ఠరావ్ పాస్ అయింది. పబ్లిక్ జాగా మీద పర్మిషన్ లేకుండ పెట్టిండ్రట. ఎవరికన్న హరకత్ ఉంటే తీస్ దివస్‌ల రాసియ్యాలె."

"నాకేం హరకత్ లేదు. అడ్డు చెప్పను, తీసుకుపొమ్మను."

విగ్రహం గురించి మావాళ్లలో ఏళ్ల తరబడి పోట్లాట. పల్లెలో కూలి దొరకనివాళ్లను తెచ్చి నీడ చూపించాడని కొందరు చెప్పేవారు. షెడ్డు షట్టరుకు బయట తాళం వేసింది కూడా ఆయనేనని మిగతావాళ్లు అనేవారు. రెండూ నిజమే.

"ఇంకా ఉన్నది, విను," అంది మనవరాలు. "పుతళా జాగల ఒక రాయి పెడతరట. షెడ్డుల కాలిపోయిన నలుగురి పేర్లు చెక్కుతరట." ఒక్కొక్కటే చదివింది. మూడు పేర్లు విన్నాను. నాలుగోది చదివేసరికి చేతిలో బియ్యం చాట కింద పెట్టేశాను. ఆ పేరుగల మనిషి ఆ సమయానికి పక్కనే నాగావ్‌లో టీ బండి దగ్గర చాయ్ తాగుతూ ఉండి ఉంటాడు.

అది ముప్పై నాలుగేళ్ల కిందటి శుక్రవారం. మా ఊళ్లో మగ్గాలకు శుక్రవారం సెలవు. అర్జెంటు పని ఒకటి ఉండి సేటు ఆ రోజు నాలుగు మగ్గాలు నడిపించాడు. సెలవు నాడు నడుస్తున్నట్టు ఎవరికీ తెలియకూడదని షట్టరు దించి బయట తాళం పెట్టించాడు. వేళ మధ్యాహ్నం. దూది పోగులకు నిప్పు అంటుకుంది. తాళం చెవి సేటు ఇంట్లో ఉంది.

ఆ పొద్దున హాజరీ రాసింది నేను. నాలుగోవాడికి బదులు మా తమ్ముడు బద్లీగా వచ్చాడు. బద్లీ అంటే ఒకరి మగ్గం మీద ఇంకొకరు నిలబడడం. హాజరీలో మాత్రం అసలు మనిషి పేరే ఉంటుంది, అన్ని షెడ్డుల్లో ఇదే రివాజు. నాకు లెక్క తప్పితే నిద్ర పట్టదు. అందుకని బద్లీ వచ్చిన రోజు ఆ పేరు కింద పెన్సిలుతో ఒక చుక్క పెట్టుకునేదాన్ని. ఆ రోజూ పెట్టాను. నాలుగోవాడు వేరే పని వెతుక్కుంటూ సూరత్ వెళ్లాడు. సేటుకు తెలిస్తే ఉన్న పని పోతుందని తన సొంత తమ్ముడికి కూడా చెప్పలేదు. మా తమ్ముడికి చెప్పాడు, వాడు నాకు చెప్పాడు. మా తమ్ముడి వయసు అప్పటికి ఇరవై రెండేళ్ల నాలుగు నెలలు.

నాలుగు శవాల్లో ఏది ఎవరిదో పోల్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. హాజరీలో ఉన్న నాలుగు పేర్లను నాలుగు మూటలకు కట్టారు.

నేను నోరు తెరవబోయాను. సేటు నా గడప దాకా వచ్చి మెల్లగా అన్నాడు. "చెల్లె, పుస్తకం నీ చేతిరాత. తప్పు రాసిన అని పోలీసుల ముందట చెప్తవా? ఆలోచించు."

ఆలోచించాను. అదే నేను చేసిన పాపం.

మూడో రోజు నాలుగోవాడి తమ్ముడు వాగు ఒడ్డున పిట్టకు పెట్టాడు; కాకి ముడితే పోయినవాడు తిన్నట్టు. అన్నం, మాంసం, అన్నకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి దూరంగా జరిగాడు. కాకులు చుట్టూ తిరిగాయి తప్ప ఒక్కటీ ముట్టలేదు. "ఏం కోపమొచ్చిందే అన్నా? తిను," అని అతను ఏడుస్తున్నాడు. నేను కొంగులో తెచ్చుకున్న సర్వపిండి ముక్క తీసి విస్తరి అంచున పెట్టాను. మా తమ్ముడికి అదంటే ప్రాణం. చేయి వెనక్కి తీసుకునేలోగా కాకి ఎత్తుకుపోయింది.

పదకొండో నాడు నాలుగోవాడు సూరత్ నుంచి వచ్చి నాకాలో బస్సు దిగాడు. గుండుతో ఉన్న తమ్ముణ్ని చూసి, "ఎవలు పోయిండ్రురా?" అని అడిగాడు.

"నువ్వే అన్నా," అన్నాడు తమ్ముడు.

ఆ సాయంత్రమే సేటు అతన్ని తిరిగి సూరత్ పంపేశాడు. నోరు మెదపకుండా ఉండడానికి అతని తమ్ముడికి ఒక ఖోలీ, ఒంటి గది ఇల్లు, రాసిచ్చాడు. మా అమ్మకు మేము ఊరికి పంపిన కబురు వేరు. "నీ కొడుకు సూరత్ పోయిండు." ఆమె పోయేదాకా, ఆరేళ్ల రెండు నెలలు, సూరత్ దిక్కు నుంచి వచ్చిన ప్రతివాణ్నీ అడిగింది.

పేపరు చదివించుకున్న మర్నాడే నాగావ్ వెళ్లాను. నాలుగోవాడు ముసలితనంలో, పోయినేడే, అక్కడ తమ్ముడి ఇంటికి తిరిగొచ్చాడు. నన్ను చూడగానే తల దించుకున్నాడు.

"నేను సచ్చి ముప్పై నాలుగేండ్లాయె అక్కా. ఇప్పుడు లేపుతవా?"

"లేపుత. వాని కోసం లేపుత. రాయి మీద వాని పేరు ఉండాలె."

"మా తమ్ముని ఖోలీ పోతది గద."

"ఏ ఖోలీ? అది వాడు అమ్ముకొని పద్దెనిమిదేండ్లాయె. ఏ నెలల అమ్మిండో చెప్పాల్నా?"

"వద్దు తల్లీ," అని నవ్వాడు. "నీతోని యముడు గూడ ఏగలేడు. వస్త తీయ్."

నేను రాసిచ్చిన హరకత్ వినే రోజు అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని మున్సిపాలిటీ ఆఫీసుకు నాకన్నా ముందే వచ్చాడు. అధికారి మర్యాదస్తుడు. నన్ను కూర్చోమన్నాడు. ఇన్నేళ్లూ నా పెట్టెలో దాచిన హాజరీ పుస్తకం తెరిచి చుక్క చూపించాను. మనవరాలు ఆయన మరాఠీని నాకు, నా తెలుగును ఆయనకు అందించింది.

"ఈ చుక్క ఎవరు పెట్టారు?"

"నేనే."

"ఆ రోజే పెట్టారని ఎట్లా తెలుస్తుంది? నిన్న కూడా పెట్టి ఉండవచ్చు కదా, ఆజీ."

 అప్పుడు నాలుగోవాడు లేచాడు.

"సాబ్, వో మై హూఁ. నంబర్ చార్. మరా హువా."

చచ్చిన నాలుగో నంబరు తనేనని అతను అనేసరికి గదంతా నవ్వింది. అధికారి నవ్వకుండా కార్డు అడిగాడు. కార్డు మీద సూరత్‌లో చెప్పుకున్న పేరు ఉంది. పాత పేరుతో అతని దగ్గర ఏ కాగితమూ లేదు. ఆ పేరుకు మిగిలింది చావు కాగితం ఒక్కటే. బతికున్న తమ్ముడి మాట సాక్ష్యం కాదా అని మనవరాలు అడిగింది. ఆ తమ్ముడు రాలేదు.

అధికారి చాలాసేపు రాసుకున్నాడు. వివాదంలో ఉన్న పేరును రాతి మీద చెక్కకూడదట. తీసేస్తామన్నాడు. మా తమ్ముడి పేరు చేర్చడానికి ఆధారం లేదట. చట్టం ప్రకారం ఆయన చెప్పింది తప్పు కాదు. నేను ఆ కుర్చీలో ఉన్నా అదే రాసేదాన్ని.

విగ్రహాన్ని క్రేనుతో లేపిన రోజు మొహానికి బట్ట చుట్టారు. మా షెడ్డుల్లో నేసే కోరా బట్టే. రిక్షావాళ్లు ఫోటోలు తీసుకున్నారు. నేను ఇంటికొచ్చి వంట చేసుకున్నాను.

ఇరవై ఆరు రోజులకు రాయి వచ్చింది. నల్ల రాయి మీద మూడు పేర్లు. నాలుగు వరుసలకని గీతలు గీసుకున్నట్టున్నారు, అడుగున ఒక వరుస ఖాళీగా ఉంది. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. హరకత్ రాయకుండా ఉంటే మా తమ్ముడు వేరేవాడి పేరు కిందనైనా ఆ రాతి మీద నిలబడి ఉండేవాడు. అదీ నా చేతులతోనే తీయించాను.

శుక్రవారం మధ్యాహ్నం సర్వపిండి చేసుకుని వెళ్లాను. వారమంతా మగ్గాల చప్పుడు చెవులను నింపి ఉంచుతుంది. శుక్రవారం అది ఆగిపోతుంది. అప్పుడు నాకు షట్టరు చప్పుడు వినిపిస్తుంది, లోపలి నుంచి కొడుతున్నట్టు.

నాలుగోవాడు అప్పటికే రాయి దగ్గర ఉన్నాడు.

"నా పేరు తీసేసిండ్రు గద అక్కా. ఇగ నేను బతికినట్టేనా?"

"నువ్వు బతికినవ్."

"మరి వాడు?"

నా చేతిలో పొట్లం చూశాడు. "గిటు తే. నాకని వేసిన విస్తరిల వాడు తిన్నడు ఆనాడు. ఇయ్యాల నేను పెడత." ముక్క తీసి ఖాళీ వరుస కింద, గట్టు మీద పెట్టి దండం పెట్టాడు. ఇద్దరం స్టాండు పక్కకు జరిగి నిలబడ్డాం.

ఒక కాకి వచ్చింది. ఇదివరకు అవి సేటు తల మీద వాలేవి. ఆ అలవాటుకే ఆ ఎత్తులో కాళ్లు చాపి, అక్కడ తల లేకపోయేసరికి గాలిలో తడబడి, కరెంటు తీగ మీదికి వెళ్లింది. కిందికి చూసింది. దిగలేదు.

ఇరవై రెండు నిమిషాలు నిలబడ్డాం.

ఆ తర్వాత ఐదు శుక్రవారాలయ్యాయి. అతను పెడుతున్నాడు, నేను చూస్తున్నాను. ఇంతవరకు ఒక్క కాకీ ముట్టలేదు.