అక్వేరియంలో చెరువు సున్నం

"పెద్దాయన మంచికే చేశాడు" అని మాత్రం నాకు చెప్పకండి. హైదరాబాద్ నుంచి గుడివాడ వచ్చాక నాకున్న తోడల్లా అక్వేరియంలోని నియాన్ టెట్రా చేపలే. నందివాడలో చేపల చెరువులున్న మావయ్య మొన్న ఇంటికొచ్చి నీళ్ల పీహెచ్ ఎంతని అడిగితే, ఫోన్ చూస్తూనే "ఆరున్నర" అన్నాను. కాస్త ఆమ్లగుణమున్న నీళ్లన్నమాట, ఆ చేపలకు అదే సరైనది.

"ఆరున్నరేంట్రా! మరీ తక్కువ, సున్నం చల్లి పెంచకపోతే చస్తాయి!"

నేను కాల్ మాట్లాడి వచ్చేలోగా కారులోంచి గుప్పెడు చెరువు సున్నం తెచ్చి పోసేశాడు. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. మార్చేలోపే చేపలన్నీ చచ్చి తేలాయి.

"మా చెరువుకి బస్తాలు వేస్తాం, ఒక్కటీ చావదు. నీవే మరీ నాజూకు చేపలు!" అన్నాడు.

"ఇది చెరువా మావయ్యా? కళ్లు కనబడట్లేదా?" అని అరిచాను.

అంతే, అమ్మ నా మీద పడింది. "ముందు మావయ్యకి సారీ చెప్పు!"

ఇప్పటికీ చెప్పలేదు. చచ్చింది నా చేపలు. మీరైతే చెప్తారా?