ఇంకా ఆరని గోడ

మొన్న అబిడ్స్‌లో దారం రీళ్లు కొనుక్కుని సందులోంచి వస్తుంటే, ఏదో పాత బంగళాకి మరమ్మతు చేస్తున్న కూలీ ఒకతను బకెట్ ఎత్తి గోడ మీద నీళ్లు కొట్టాడు. ఎండకు మాడిన ఎర్ర ఇటుకలు సుయ్‌మని తాగేశాయి. ఆ చప్పుడు, వెంటనే లేచిన తడి సున్నం వాసన. అంతే, అక్కడే నిలబడిపోయాను. వెనక ఆటో అతను హారన్ కొడుతూనే ఉన్నాడు. నాకేమో మళ్లీ పదేళ్లు, చేతిలో ప్లాస్టిక్ మగ్గు, పక్కన పాన్ నములుతూ మా శాంతత్త.

శాంతత్త మాకు చుట్టం కాదు. నాంపల్లిలో మేం కిరాయికి ఉంటున్న ఇల్లు ఆమెది. పేరు శాంతాబాయి, తరతరాలుగా హైదరాబాదు వాళ్లే. మా తాతయ్య మాత్రం యాభై ఆరులో, రాష్ట్రం ఏర్పడ్డప్పుడు, గుమస్తా ఉద్యోగానికని గుడివాడ దగ్గర్నుంచి వచ్చి ఆ రెండు గదుల్లో దిగాడట. నాన్న అక్కడే పుట్టాడు, నేనూ అక్కడే పుట్టాను. అయినా మా ఇంట్లో 'మన ఊరు' అంటే గుడివాడే. నాన్న ఆమెను అక్కగారూ అనేవాడు, ఆమె నాన్నను తమ్మీ అనేది. అలా నాకు అత్తయింది.

మా పెరటి గోడకు అవతల ఐసు కార్ఖానా ఉండేది. నేను పుట్టకముందే మూతపడింది. అత్త భర్త పనిచేసింది అందులోనే. మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీం దుకాణాలకు ఐసు దిమ్మలు అక్కణ్నుంచే పోయేవని, ఎండాకాలం ఆ గోడకు వీపు ఆనిస్తే ఒళ్లు జలదరించేదని అత్త చెప్పేది. మూసీ పొడుగునా చాదర్‌ఘాట్ దాకా అలాంటి ఇటుక కార్ఖానాలు ఎన్నో ఉండేవట. ఒక్కొక్కటే ఆగిపోయాయి, పనివాళ్లు తలో దిక్కూ పోయారు, గోడలు మిగిలాయి. మధ్యాహ్నాలు నేను ఆ గోడకు చెంప ఆనించి కళ్లు మూసుకునేదాన్ని. చల్లగానే ఉండేది, ఒట్టు. అవతల ఐసు లేదని ఆ గోడకి ఎవరూ చెప్పలేదేమో.

రాష్ట్రం విడిపోయే రోజులొచ్చాయి. నాన్న అబిడ్స్‌లో కళ్లద్దాల షాపులో పనిచేసేవాడు. నిజం చెప్పాలంటే మమ్మల్ని ఎవరూ పొమ్మనలేదు. కానీ షాపుకొచ్చిన వాళ్లందరూ, మరి మీరు ఎప్పుడు పోతరని అడిగేవాళ్లట. ప్రేమగానే అడిగేవాళ్లు. ప్రేమగా అయినా రోజూ అడిగితే గుచ్చుకుంటుంది కదా. విజయవాడలో మావయ్య తన దుకాణంలోకి వచ్చేయమన్నాడు. అమ్మ స్టీలు సామానంతా గోనెసంచుల్లో కట్టేసింది. దసరా సెలవుల్లో ప్రయాణం. నేను బడిలో ఎవరికీ చెప్పలేదు, చెబితే నిజమైపోతుందని భయం. అత్త మాత్రం విని, మంచిది తమ్మీ అని ఊరుకుంది. ఆ రోజు పాన్ కూడా వేసుకోలేదు.

సెలవులు ఇంకా మొదలవలేదు. ఒక మధ్యాహ్నం పెద్ద వాన పడి, పెరటి గోడ మధ్యలో గుమ్మమంత మేర కూలింది. సిమెంటుతో కట్టించేస్తే రెండ్రోజుల్లో అయిపోతుందన్నాడు నాన్న.

"పాత ఇటుకకు సిమెంటు పడది తమ్మీ. సున్నమే వెట్టాలె," అంది అత్త.

చాదర్‌ఘాట్ నుంచి ఒక ముసలి మేస్త్రీని పిలిపించింది. పాత ఇటుకలు పల్చగా ఉండేవి, పడ్డప్పుడు సగం విరిగిపోయాయి. చాలక, ఎక్కణ్నుంచో లావు ఇటుకలు తెచ్చి కలిపి కట్టాడు. సున్నం గబుక్కున ఆరితే బీటలు వారుతుందట, తడి గోనెలు కప్పి మెల్లగా ఆరనివ్వాలట. అత్త మా గుమ్మంలోకి వచ్చి, వరసగా కట్టిపెట్టిన మూటల వంక చూసింది.

"మరదలా, గోనెసంచులు గావాలె. నా దగ్గర ఒక్కటి గూడ లేదు."

ఆమె కొట్టుగదిలో గోనెసంచుల కట్ట నా ఎత్తున ఉంటుంది. దాగుడుమూతలప్పుడు నేను దాక్కునేది దాని వెనకే. నేను నోరు తెరవబోయాను. అత్త నా నెత్తి మీద చెయ్యిపెట్టి గట్టిగా నొక్కింది. అమ్మ నాన్న వైపు చూసింది, నాన్న నేల చూశాడు. అమ్మ కూర్చుని ముడులు విప్పడం మొదలుపెట్టింది. గిన్నెలన్నీ మళ్లీ అలమారా ఎక్కాయి.

"మళ్లీ ఇచ్చేస్తారుగా వదినా?"

"ఆరినంక ఇస్త."

పొద్దున తడపడం నా వంతు, సాయంత్రం షాపు నుంచి వచ్చాక నాన్న వంతు. దసరా వచ్చింది, పోయింది. నాన్న ఆరిందా అక్కగారూ అని అడిగితే, అత్త అరచేత్తో గోడను తట్టి, వాసన చూసి, "ఏడ ఆరింది తమ్మీ, లోపట పచ్చిగనే ఉంది," అనేది. మావయ్య ఫోన్ చేస్తే, గోడ ఇంకా ఆరలేదు బావా అని నాన్న చెప్పేవాడు. మావయ్యకు ఏం అర్థమయ్యేదో పాపం.

ఒక పొద్దున నీళ్లు పోస్తూ, అత్తా, మేం ఏ ఊరోళ్లం అని అడిగాను. బడిలో ఎవరో అడిగారులెండి. అత్త గోనె పక్కకు జరిపి, ఒక లావు ఇటుక మీద వేలు పెట్టింది.

"గిది ఏ బట్టీల కాలిందో నాకెర్కనా? మేస్త్రీ తెచ్చి వెట్టిండు. ఇప్పుడు దీన్ని గుంజి సూడు, సుట్టున్న పాతయి గూడ ఊడొస్తయి." గోనె మళ్లీ కప్పి, "మాటలు బంద్ చేసి నీళ్లు పొయ్యి, లావిటుకా," అంది. నిజానికి అప్పట్లో నేను పుల్లలా ఉండేదాన్ని. అయినా ఆ పేరే నిలిచిపోయింది.

దీపావళి కూడా దాటిపోయింది. ఒక సాయంత్రం అమ్మ మెల్లగా అడిగింది, ఏమండీ, సున్నం ఇన్నాళ్లు ఆరకుండా ఉంటుందా అని. నాన్న కుళాయి దగ్గర బకెట్ నింపుతున్నాడు.

"ఉండదు," అన్నాడు.

బకెట్ నిండాక ఎత్తుకుని గోడ దగ్గరికి వెళ్లాడు.

ఆ చలికాలంలో గోనెలు చివికి పీలికలై రాలిపోయాయి. తిరిగిమ్మని అమ్మ అడగలేదు. వెళ్లిపోయే మాట ఇంట్లో మళ్లీ రాలేదు.

ఇప్పుడు శాంతత్త లేదు. ఐసు కార్ఖానా కూడా లేదు, ఆ జాగాలో కార్లు నిలుపుతున్నారు. గోడ మాత్రం ఉంది. మమ్మల్ని పోవద్దని అత్త ఒక్కసారి కూడా అనలేదు. నాకూ అనడం రాదు. నేను సుల్తాన్ బజార్‌లో చీరలకు ఫాల్స్ కుడతాను. షాపులో ఎవరైనా మానేసి వెళ్లిపోతానని మొహం ముడుచుకుంటే, వాళ్లు మాత్రమే చేయగల పనేదో వెతికి చేతిలో పెడతాను. ఒక్కోసారి ఉండిపోతారు, ఒక్కోసారి వెళ్లిపోతారు.

ఎండాకాలం సాయంత్రాలు ఇంటికి రాగానే చెప్పులు విడిచి, మగ్గుతో నీళ్లు తీసుకుని పెరట్లోకి వెళ్తాను. ఆ లావు ఇటుకల మీద కొడితే సుయ్‌మంటాయి. చెంప ఆనిస్తే చల్లగా, అవతల ఎక్కడో ఐసు ఉన్నట్టే ఉంటుంది. వంటింట్లోంచి అమ్మ అడుగుతుంది, ఇంకా ఆరలేదటే ఆ గోడ అని.

"ఏడ ఆరిందమ్మా," అంటాను. "లోపట పచ్చిగనే ఉంది."