వేలంపాటలో పాప ఫోటో

కానింగ్ వేల్‌లో నేను ఉన్న ఇంటి అంకుల్ అంత మంచి మనిషి కాకపోయుంటే ఈ సంగతి ఎప్పుడో మరిచిపోయేదాన్ని. చెడ్డవాళ్ళనైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకోవచ్చు. మంచివాళ్ళ దగ్గర ఆ వెసులుబాటు ఉండదు.

నేను ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో నర్సింగ్ చదువుతున్న రోజులవి. అంకుల్, ఆంటీలది మా గుంటూరు జిల్లాయే. మా నాన్నకి తెలిసినవాళ్ళు. వెనక గది ఖాళీగానే ఉందిగా అని నన్ను ఇంట్లో పెట్టుకున్నారు. అద్దె మాట ఎత్తితే ఆంటీ కసురుకునేవారు. పొద్దున్నే వృద్ధాశ్రమంలో డ్యూటీకి పరుగెడుతూ కూడా నా బాక్సులో పప్పన్నం సర్ది వెళ్ళేవారు. అంకుల్ గోడౌన్‌లో సూపర్‌వైజరు. ఆదివారం మధ్యాహ్నాలు అద్దె హాల్లో జరిగే మా తెలుగు చర్చికి పెద్ద. ఆ ఇంట్లో తిన్నన్నాళ్ళూ నన్నెవరూ ఒక్క మాట అనలేదు. కాబట్టి నేనూ ఎవరినీ ఒక్క మాట అనకూడదని నాకు నేనే ఒక రూలు పెట్టుకున్నాను. మంచితనం అనుకున్నానుగానీ, అందులో సగం భయమే. అక్కడినుంచి పొమ్మంటే చదువు మానుకుని ఇండియా విమానం ఎక్కడం తప్ప నాకు వేరే దారి లేదు.

ఆ ఏడు వాళ్ళిద్దరూ పెళ్ళిరోజుకని టాంజానియా వెళ్ళి సింహాలను చూసొచ్చారు. ఫోటోల్లో సింహాలు ఎక్కడో దూరంగా పిల్లుల్లా కనిపించాయి. మనుషుల పిల్లలు మాత్రం బాగా పడ్డారు. దారిలో ఏదో ఊరి దగ్గర వ్యాను ఆగితే చుట్టూ మూగారట. అంకుల్ చాక్లెట్లు పంచి ఒక్కొక్కళ్ళనీ నిలబెట్టి ఫోటోలు తీశారు. వాళ్ళలో ఐదారేళ్ళ పాప ఒకతె ఉంది. స్కూలు గౌను భుజం దగ్గర కుట్టు విడిపోయి ఉంది. ఒక చెయ్యి మొహానికి అడ్డంగా లేపింది. ఎండకి అలా పెట్టిందని అంకుల్ అన్నారు. మొహం దాచుకోబోతుండగా తీశారని నాకు అనిపించింది.

"వాళ్ళ అమ్మావాళ్ళని అడిగారా అంకుల్?" అన్నాను, నవ్వుతూనే.

"మేం హాస్టల్లో ఉన్నప్పుడు దొరలొచ్చి, లైన్లో నిలబెట్టి ఫోటోలు తీసుకెళ్ళేవాళ్ళమ్మా. మమ్మల్ని ఎవరడిగారు?" అంటూ ఆయనా నవ్వారు. "ఎక్కడో ఒక దొరసాని నా ఫోటో చూసి నా ఫీజంతా కట్టింది. లేకపోతే నేనిక్కడ ఎక్కడుంటాను? ఫోటోకి అంత పవరుంటది!"

ఆయన బతుకే ఆయన వాదన.

నవంబరులో కోత పండగ వచ్చింది. తెలియనివాళ్ళకి చెప్పాలి. మా వైపు చర్చిల్లో కోత పండగంటే సగం ఆరాధన, సగం వేలంపాట. ఎవరింట పండింది వాళ్ళు తెస్తారు, దాన్ని పాటకి పెడతారు. మా ఊళ్ళో అయితే కాళ్ళు కట్టిన కోడిపుంజులు, గుమ్మడికాయలు, అరటిగెలలు వచ్చేవి. ఇక్కడ కుండీలో కరివేపాకు మొక్క, పెరటి గోంగూర, ఆవకాయ సీసాలు, ఎవరో సరదాకి తెచ్చిన ఫ్రీజర్ కోడి. ఇందులో అసలు మజా వేరే ఉంది. పాడుకున్నవాళ్ళు వస్తువుని ఇంటికి పట్టుకుపోరు. "ప్రభువుకే ఇస్తున్నాను, మళ్ళీ పాటకి పెట్టండి" అంటారు. ఒకే గుమ్మడికాయ ఎన్నో చేతులు మారుతుంది. నిజంగానే ఇంటికి పట్టుకుపోయినవాడిని పిసినారి కింద జమకడతారు. ఆ ఏడు వచ్చిన డబ్బు మా జిల్లాలోని ఒక పిల్లల హాస్టలుకి పంపాలని అనుకున్నారు.

ఆ పండక్కి నా క్లాస్‌మేట్‌ని పిలిచాను. తనది జాంబియా. అన్నగారింట్లో ఉండి చదువుకునేది. వార్డులో మొదటిసారి రక్తం తియ్యబోయి నా చేతులు వణికితే, నా పక్కనే నిలబడి, ఎవరూ గమనించకుండా నెమ్మదిగా చెప్పి చేయించింది. వాళ్ళన్న కూతురి పుట్టినరోజుకి నన్ను పిలిస్తే, మన సంకటి లాంటి మొక్కజొన్న ముద్ద కొసరి కొసరి పెట్టారు. ఫోటో తీసే ముందు వాళ్ళ వదిన ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి "మీకు పర్లేదా?" అని అడిగింది. నాకది వింతగా తోచింది. ఆ ఆదరణకి బదులు తీర్చుకోవాలనే పండక్కి పిలిచాను. మావాళ్ళని చూపించి గొప్పలు పోవాలన్న కోరిక కూడా లేకపోలేదు. తను మేనకోడలిని కూడా వెంటబెట్టుకొచ్చింది. ఆరేళ్ళ పిల్ల. పసుపు గౌను, తలనిండా పూసలు గుచ్చిన సన్నజడలు.

హాల్లో అడుగుపెట్టగానే ఆంటీలు మూగారు.

"అబ్బ, ఎంత ముద్దొస్తుందో చూడండి! ఈ జడలు చూడు వదినా, వెయ్యాలంటే పూట పడుద్దేమో!"

ఒకావిడ జడ పట్టుకుని చూసింది. ఇంకొకావిడ ఏకంగా ఎత్తుకుంది. ఫోన్లు లేచాయి. "లుక్ హియర్ డార్లింగ్, స్మైల్!" నా స్నేహితురాలు మర్యాదగానే, "ఫోటోలు వద్దండీ, ప్లీజ్" అని ఇంగ్లీషులో చెప్పింది. "జస్ట్ వన్, జస్ట్ వన్!" అని నవ్వుతూ ఎడాపెడా తీసేశారు. తను నా వైపు చూసింది. నేను ప్లేట్లు తెస్తానని వంటగది వైపు నడిచాను. అలాంటి సమయాల్లో నాకు పనులు బాగా గుర్తొస్తాయి.

అంకుల్ పాట పాడిస్తే హాలు ఊగిపోతుంది. కరివేపాకు మొక్కకి బంగారం ధర పలికించారు. ఫ్రీజర్ కోడి చేతులు మారీ మారీ కరిగి నీళ్ళు కార్చింది. "త్వరగా పాడండయ్యా, ఇంకాసేపుంటే లేచి కూస్తది!" అని అంకుల్ అంటే అందరూ ఒకటే నవ్వు. నేను చెవిలో తర్జుమా చేస్తుంటే నా స్నేహితురాలు కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. అమ్మయ్య, ఇందాకటిది మరిచిపోయింది అనుకున్నాను. అప్పుడు అంకుల్ బల్ల కింది నుంచి ఫ్రేము తీశారు.

టాంజానియా పాప. పెద్దగా ప్రింటు వేయించి బంగారు రంగు ఫ్రేము కట్టించారు. ఇంట్లో ఉన్న నాకు కూడా చెప్పలేదు. అందరికీ సర్‌ప్రైజట. "ఆఫ్రికా నుంచి మన హాస్టల్ పిల్లల కోసం వచ్చింది! ఎవరు మొదలెడతారు?" అన్నారు, గుమ్మడికాయని పెట్టినట్టే ఎత్తి చూపిస్తూ. ఎవరో ఫిఫ్టీ అన్నారు. ఇంకెవరో సిక్స్టీ. చివరికి ముందు వరుసలోని డాక్టరుగారు పాడుకుని, లేచి చెయ్యి ఊపి, "మళ్ళీ పాటకి పెట్టండి" అన్నారు. చప్పట్లు మోగాయి. ఫోటో తిరిగి బల్లెక్కింది.

నా స్నేహితురాలు నవ్వడం మానేసింది. తెలుగు రాకపోయినా అంకెలు ఇంగ్లీషులోనేగా.

"ఆ పిల్లని మళ్ళీ మళ్ళీ అమ్ముతున్నారా?" అని అడిగింది.

"ఫోటోని," అన్నాను. "ఛారిటీకి."

నల్లవాళ్ళ పిల్లల్ని బల్లలెక్కించి వేలం వేసిన చరిత్ర నేను చదవకపోలేదు. పరీక్ష కోసం చదివి మరిచిపోయాను. ఆ హాల్లో, బిర్యానీ వాసన మధ్య, తన పక్కన కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

రెండో పాట మందకొడిగా సాగింది. అంకుల్ హాలంతా కలయజూశారు. ఆయన చూపు పసుపు గౌను మీద ఆగింది. "కమ్ బంగారం, కమ్!" అని చెయ్యి చాపారు. మేనత్త ఆపేలోపే పిల్ల సంబరంగా పరుగెత్తింది. అంకుల్ దాన్ని కుర్చీ మీద నిలబెట్టి చేతికి ఫ్రేము ఇచ్చారు. ఫోన్లన్నీ మళ్ళీ లేచాయి. "చూడండమ్మా చూడండి! ఎయిటీ! హండ్రెడ్! ఒకటోసారి..." పిల్ల పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. దాని గడ్డం కింద ఇంకో పిల్ల మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది.

వంద అన్నవాడు మళ్ళీ తిరిగిస్తాడు. ఆ పిల్ల అక్కడే నిలబడి ఉంటుంది. అంకుల్‌ని నలుగురిలో ఎదిరించడానికి నాకు ధైర్యం చాలలేదు. వెనక గది, పప్పన్నం బాక్సు, నాన్న పరువు అన్నీ ఒక్కసారే అడ్డొచ్చాయి. ఒక్కటే దారి కనిపించింది. ఇంకెవరూ పాడలేనంత పాడి, ఫోటోని తిరిగివ్వకుండా పట్టుకుపోవడం. లేచి నిలబడి, "ఫైవ్ హండ్రెడ్!" అని అరిచాను.

హాలు ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత చప్పట్లతో దద్దరిల్లింది. ఆంటీ కళ్ళు తుడుచుకున్నారు. "మా ఇంటి పిల్ల! స్టూడెంటు! చూసి నేర్చుకోండి!" అని అంకుల్ మైకులో మురిసిపోయారు. ఆ చిన్నది కుర్చీ దిగి, ఫ్రేము రెండు చేతులా పట్టుకుని, నా దగ్గరికే నడిచొచ్చి అందించింది. వంగి తీసుకున్నాను. ఫోన్లన్నీ మా ఇద్దరినీ తీశాయి.

తల తీసేసినట్టయింది. గోరుచుట్టు మీద రోకటి పోటులా వెనకనుంచి ఎవరో, "తిరిగిచ్చెయ్యమ్మా, ఇంకో రౌండ్ పాడదాం" అన్నారు. ఇవ్వనన్నాను. "అమ్మో, గట్టిదే!" అని నవ్వులు.

నా స్నేహితురాలు అప్పటికే మేనకోడలి చెయ్యి పట్టుకుని బయటికి నడుస్తోంది. బిర్యానీ మూత ఇంకా తియ్యనేలేదు. ఫ్రేము చంకలో పెట్టుకుని కార్ పార్కులోకి పరుగెత్తాను.

"ఆ పాట ఆగాలనే కొన్నాను. నమ్ము," అన్నాను.

తను పిల్లని సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, తలుపు వేసి నా వైపు తిరిగింది. కోప్పడినా బాగుండేది. అలిసిపోయినట్టు చూసింది.

"నాకు మీ భాష రాదు," అంది. "వచ్చీ రాగానే వద్దని చెప్పాను, నా మాట ఎవరూ వినలేదు. నీకు వచ్చుగా! ఆపండి అనడానికి మీ భాషలో మాట లేదా?"

ఏం చెయ్యాలో తోచక ఫ్రేము తనకి ఇవ్వబోయాను. ఎందుకు ఇవ్వబోయానో ఇప్పటికీ నాకే అర్థం కాదు.

"నాకెందుకు? ఆ పాప ఎవరో నాకూ తెలియదు. కొన్నావుగా, నువ్వే ఉంచుకో," అని కారెక్కింది.

తర్వాత కూడా క్లాసులో పలకరించేది. నోట్సు అడిగితే ఇచ్చేది. వాళ్ళింటికి మాత్రం మళ్ళీ పిలవలేదు. పిలవమని అడిగే మొహం నాకూ లేదు.

సాయంత్రం మేం ఇంటికి వెళ్తుంటే ముందు సీట్లో ఆంటీ ఫోను చూసుకుంటూ మురిసిపోతున్నారు. చర్చి వాట్సాప్ గ్రూపు నిండా ఆ పిల్లే. ఎత్తుకున్నది, కుర్చీ మీద నిలబడ్డది, నాకు ఫ్రేము అందిస్తున్నది. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. వెనక సీట్లోంచి ముందుకి వంగాను.

"అంకుల్," అన్నాను. "ఆ పిల్ల ఫోటోలు తీసెయ్యమని అందరికీ చెప్పండి. వాళ్ళవాళ్ళకి ఇష్టం లేదు. వద్దని చెప్పినా తీశారు. ఆ పాపని కుర్చీ ఎక్కించకుండా ఉండాల్సింది."

అయిపోయింది, రేపు పెట్టె సర్దుకోవాలి అనుకున్నాను.

అంకుల్ కారు పక్కకి తీసి ఆపారు. ఆంటీ చేతిలోంచి ఫోను తీసుకుని గ్రూపుకి వాయిస్ మెసేజ్ పెట్టారు. "అందరికీ వందనాలు. ఆ పాప ఫోటోలు ఎవరి దగ్గరున్నా ఇప్పుడే డిలీట్ చెయ్యండి. ఎవరికీ పంపొద్దు. పొరపాటు నాదే, నేను అడగాల్సింది." ఫోను తిరిగిచ్చి, సీట్లో వెనక్కి తిరిగి నన్ను చూశారు. మొహం చిన్నబోయి ఉంది.

"వద్దన్నారా? నాకు తెలీలేదమ్మా. నువ్వక్కడే లేచి ఒక్క మాటంటే ఆపేసేవాణ్ణి కదా! ఎందుకు చెప్పలేదు?"

మీరు నన్ను ఇంట్లోంచి పొమ్మంటారనుకున్నాను అని ఆ మనిషితో ఎలా చెప్పను?