రిమోటు నా చేతిలోనే ఉంది

పాకాల దాటాక ఎర్రమట్టి బాటలో పదకొండు కిలోమీటర్లు. జీపు క్యాంపు దగ్గర దించేసరికి ఉదయం తొమ్మిదిన్నర. ఏప్రిల్ ఎండ అప్పటికే మాడ్చేస్తోంది. రెండు రేకుల గదులు, ఒక వైర్‌లెస్ స్తంభం, కింద ఎండిన వంక, దాంట్లో తాగునీళ్ల చెలమ. నా వెంట ఒక కిట్ బ్యాగు, టార్చి, లాఠీ, నా కుక్క జూలీ. సైన్యంలో పద్దెనిమిదేళ్లు కుక్కలతోనే పని చేసి బయటికొచ్చినవాణ్ణి. ఎర్రచందనం దొంగల్ని పట్టడానికి మాజీ సైనికులు కావాలని అటవీ శాఖ వాళ్లు అడిగితే ఆరు నెలలకు ఒప్పుకున్నాను.

వైర్‌లెస్ సెట్టు చూసుకునేది చిత్తూరు టౌను సాయిబు. నలభై ఏళ్లుంటాయి. మొదటి రోజే జూలీకి రొట్టె ముక్క వేసి అన్నాడు: "అన్నా, ఈడ దొంగలకంటే ఏనుగులతోనే భయం. కుక్కుంటే మాకు ధైర్యం. ముందే చెప్పేస్తాది."

నిజమే. పాముకో అరుపు, ఎలుగుకో అరుపు, ఏనుగుకైతే ఆగకుండా మొరిగేది. అది విన్నాకే అతను నీళ్లకు వంకలోకి దిగేవాడు.

మూడో వారం దొంగల కోసం వేసిన ఒక మాటు చెడింది. జూలీ మొరగ్గానే దొంగలు దుంగలు పారేసి పరుగు. క్యాంపు ఆఫీసరు నా మీద విరుచుకుపడ్డాడు. "పద్దెనిమిదేళ్లు మిలిటరీలో ఏం పీకినావప్పా? కుక్క నోరు మూయించలేవా?"

మర్నాడు ఒక పెట్టె తెచ్చి నా ముందు పడేశాడు. నల్ల మెడపట్టీ, లోపలి వైపు రెండు ఇనుప మొనలు, అరచేతిలో ఇమిడే రిమోటు. "మొరిగితే నొక్కు. షాకు కొడ్తాది. ఇది ఆర్డరు."

"మేము బంతితో, గొంతుతో నేర్పినాము సార్. కరెంటుతో కాదు."

"నేర్పి ఏం లాభం?"

అంతే. పద్దెనిమిదేళ్ల అలవాటు, ఆర్డరు అనగానే చెయ్యి ముందుకు సాగింది. థూ! మొనలు చర్మానికి తగిలేదాకా పట్టీ బిగించింది నేనే. మొదటిసారి నొక్కగానే జూలీ కుయ్యిమని ఎగిరిపడి, నా కాళ్ల మధ్యకే వచ్చి దాక్కుంది. కొట్టింది నేనని దానికి తెలియదు. రెండో రోజుకు తెలిసిపోయింది.

"పాపమన్నా, ఇప్పి పారెయ్," అన్నాడు సాయిబు.

"నీ సెట్టు నువ్వు సూసుకో," అన్నాను.

నాలుగో రోజుకు జూలీ నోరు పడిపోయింది. ఆఫీసరు నా భుజం తట్టాడు. సిగ్గులేని ముండాకొడుకుని, నేనూ మురిసిపోయాను.

ఆరో రోజు, ఉదయం ఐదూ నలభై. ఇంకా మసక వెలుతురే. సాయిబు క్యాను పట్టుకుని గట్టు మీద నిలబడి అలవాటు కొద్దీ చెవి ఒగ్గాడు. కుక్క అరుపు లేదు. వంకలోకి దిగాడు. నేనూ జూలీ అరవై అడుగుల వెనక ఉన్నాం. ముప్పై సెకన్లయినా కాలేదు. వెదురు పొద విరిగి ఒంటరి ఏనుగు బయటికొచ్చింది. నేను అరిచేలోగా అతన్ని తొక్కేసి అవతలి గట్టెక్కిపోయింది.

గదికి పరిగెత్తి సెట్టు నేనే అందుకున్నాను. "ఏనుగు. మనిషి పడిపోయినాడు. జీపు పంపించండి."

"యాడ?"

"వంకలో. బిన్నా రండప్పా, తొందరగా!"

జీపు రావడానికి యాభై నిమిషాలు పట్టింది. సాయిబు తల నా ఒడిలో ఉంది. "మొరగలేదేమన్నా అది?" అని ఒక్కటే అడిగాడు. పాకాల చేరకముందే ప్రాణం పోయింది.

జాగ్రత్త లేకుండా నీళ్లకు పోయాడని ఆఫీసరు రిపోర్టు రాశాడు. అందులో పట్టీ మాటే లేదు. ఆ సాయంత్రమే పట్టీ కోసేసి, పని మానేసి, జూలీని తీసుకుని మా ఊరు ఐరాలకు వచ్చేశాను. రెండేళ్లయింది. అది ఇప్పటికీ మొరగదు.

మొన్న పక్క మామిడితోట రైతు వచ్చాడు. "నీ కుక్క బలే బుద్ధిగా ఉండాదప్పా! మాది ఒగటే అరుపు. నువ్వు కట్టినావంటనే, ఆ కరెంటు పట్టీ యాడ దొరుకుతాదో చెప్పు."

ఒళ్లు మండిపోయింది. "ముందు నీ మెడకు కట్టి నొక్కేదా? పో ఈడ్నించి!" అన్నాను. బిత్తరపోయి వెళ్లిపోయాడు. అతనికేం తెలుసు, బుద్ధి అంటే నాకు ఏం కనబడుతుందో.

ఆ రోజు వంక దగ్గర, వెదురు పొద కదలకముందే జూలీ వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. నోరు తెరిచింది. శబ్దం రాలేదు. పొద వైపు కాదు, తల ఎత్తి రిమోటు మీదున్న నా బొటనవేలి వైపు చూసింది. మొరగనా అని అడిగింది. నేను దాని తల నిమిరి "శభాష్" అన్నాను.